కాలేజీ పిల్లలకు వ్యాపారం నేర్పే ప్రోగ్రాంకి డబ్బు ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

ఇంటర్, డిగ్రీ పిల్లల చేత చిన్న వ్యాపారం ఒకటి నిజంగా చేయించి, లెక్కలు రాయించి, నలుగురి ముందు నిలబడి మాట్లాడటం నేర్పాలని చాలామందికి ఉంటుంది. లెక్చరర్లకు ఉంటుంది, ఊరి యువజన సంఘాలకు ఉంటుంది, హైదరాబాద్‌లో స్థిరపడిన పూర్వ విద్యార్థులకు మరీ ఉంటుంది. ఆగిపోయేది డబ్బు దగ్గరే. నిజానికి డబ్బు చాలాచోట్ల ఉంది, కాకపోతే ప్రతి చోటా అది ఏదో ఒక పద్దు కింద ఉంది, ఆ పద్దు దాటి ఖర్చు పెట్టే అధికారం ఇచ్చేవాళ్లకే ఉండదు. మనమేమో ఎంపీ గారిని ట్రైనర్ల జీతాలు అడుగుతాం, కంపెనీకి వెళ్లి "ఏదో ఒక సాయం చేయండి సార్" అంటాం, అమెరికా బాబాయ్‌ని సొసైటీ అకౌంట్‌కి డాలర్లు పంపమంటాం. మొదటి రెండిటివల్ల పని జరగదు, మూడోదానివల్ల ఏకంగా కేసే కావచ్చు.

ముందు ఖర్చెంతో తేల్చుకోండి

ఎవరి దగ్గరికైనా వెళ్లేముందు ఒక కాగితం మీద లెక్క రాసుకోండి. ఉదాహరణకి నలభై మంది డిగ్రీ పిల్లలు, వారానికి ఒక సెషన్ చొప్పున 24 వారాలు, నలుగురేసి పది జట్లు అనుకుందాం. జట్టుకు 5,000 పెట్టుబడి ఇస్తే 50,000. ట్రైనర్‌కి సెషన్‌కి 1,500 చొప్పున 36,000. పిల్లల వెంట తిరిగి, పుస్తకాలు సరిచూసే కోఆర్డినేటర్‌కి నెలకు 15,000, ముందూ వెనకా పని కలిపి ఏడు నెలలు, 1,05,000. ఫ్యాక్టరీలు చూడటానికి రెండుసార్లు తీసుకెళ్తే బస్సూ భోజనాలూ కలిపి 24,000. టీ, బిస్కెట్లు సెషన్‌కి మనిషికి 20 చొప్పున 19,200. ప్రింటింగ్, నోటుపుస్తకాలు 15,000. చివర్లో స్టాళ్లు పెట్టే రోజుకి 20,000. ఆడిట్‌కి 10,000. మొత్తం 2,79,200, అంటే ఒక్కొక్కరికి 6,980. మీ ఊళ్లో రేట్లు వేరుగా ఉంటాయి, మార్చుకోండి, కానీ ఆ తలసరి అంకె మాత్రం నోటికి వచ్చి ఉండాలి. ఇచ్చేవాళ్లు ముందు అడిగేది అదే.

ఇందులో పాఠాలు కొనడానికి పద్దు లేదు, గమనించారా. అవసరం లేదు కాబట్టే లేదు. స్టార్టప్ ఇండియా వాళ్ల ఆన్‌లైన్ కోర్సు, కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో ఉన్న కోర్సులు, వాధ్వానీ ఫౌండేషన్ కాలేజీలకు ఇచ్చే పాఠాలు అన్నీ ఉచితమే. లక్షన్నరకి "కరికులమ్ లైసెన్స్" అమ్మడానికి ఎవరైనా వస్తే ఓ నమస్కారం పెట్టి పంపించేయండి.

జట్టుకు ఐదువేలు ఏ మూలకి అనిపించవచ్చు. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2021లో బిజినెస్ బ్లాస్టర్స్ అనే కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకు ఇచ్చిన పెట్టుబడి తలకి 2,000. పిల్లలు జట్లుగా ఏర్పడి వాటిని కలుపుకున్నారు. ఈ వయసులో డబ్బు ఎక్కువైతే నేర్చుకోవడం తగ్గుతుందని నా అభిప్రాయం, ఎందుకంటే ఇరవైవేలు చేతిలో పెడితే మొదట లోగో చేయిస్తారు, ఐదువేలే ఇస్తే ముడిసరుకు ఎక్కడ చవకో వెతుక్కుంటారు.

ఇంకో మాట, శాలువాలు, మెమెంటోలు, ఫ్లెక్సీ, చీఫ్ గెస్టు కారు, ఇవేవీ బడ్జెట్లో రాయకండి. కావాలంటే ఊళ్లో ఎవరో ఒకరు పెట్టుకుంటారు, మన దగ్గర ఫ్లెక్సీకి దాత దొరకని ఊరు లేదు.

నాయకత్వ శిక్షణ అనే మాట విడిగా ఒక పద్దుగా రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు, పైగా కొందరికి అందులో రాజకీయం వాసన కొడుతుంది. పార్టీలకి ఏ రూపంలో సాయం చేసినా సీఎస్ఆర్ (కంపెనీలు చట్టప్రకారం సామాజిక పనులకు పెట్టాల్సిన ఖర్చు) కింద లెక్కకు రాదు కాబట్టి కంపెనీ వాళ్లు ఆ దరిదాపులకే రారు. అందుకని పిల్లలు ఏం చేస్తారో రాయండి: ప్రతి జట్టుకీ నెలకొకరు లీడరుగా మారతారు, లీడరే వారం లెక్క చదివి వినిపిస్తారు, బజారులో ఇద్దరు వ్యాపారుల్ని కలిసి బేరం మాట్లాడి వస్తారు, స్టాళ్ల రోజు ఏర్పాట్లన్నీ పిల్లల కమిటీయే చూస్తుంది. నాయకత్వం అంటే ఇదే కదా, దానికి వేరే డబ్బు కూడా అక్కర్లేదు.

అన్నిటికంటే దగ్గర్లో ఉన్న డబ్బు

మొదటిసారి చేసేవాళ్లు కంపెనీల చుట్టూ తిరగకుండా పూర్వ విద్యార్థుల దగ్గరికి వెళ్లడం మేలు. ఇప్పుడు ప్రతి బడికీ, కాలేజీకీ బ్యాచ్‌లవారీగా వాట్సాప్ గ్రూపులున్నాయి, పాతికేళ్ల సమ్మేళనం అని కలుస్తారు, గురువులకి సన్మానం చేస్తారు, బడికి ఫ్యానో వాటర్ ప్లాంటో బీరువానో ఇచ్చి వెళ్తారు. ఆ వాటర్ ప్లాంటుకి పెట్టే డబ్బే పది జట్ల పెట్టుబడికి సరిపోతుంది. అడిగే పద్ధతి ఒకటే, మొత్తం బడ్జెట్ చూపించొద్దు, "ఒక జట్టుని మీరు చూసుకోండి, ఐదువేలు" అనండి. ఆ జట్టు ఏం అమ్మిందో, ఎంత మిగిలిందో ఫోటోతో సహా ఆ బ్యాచ్ గ్రూపులోనే పెట్టండి. ఒక బ్యాచ్ ఇచ్చిందని తెలిశాక పక్క బ్యాచ్ ఊరుకోదు.

పన్ను మినహాయింపు గురించి గొప్పలు చెప్పకండి. మీ సొసైటీకి 80జి (దాతలకి పన్ను మినహాయింపు వచ్చేలా చేసుకునే నమోదు) ఉంటే దాతకి సాధారణంగా ఇచ్చినదాంట్లో సగానికి మినహాయింపు వస్తుంది, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, కొత్త విధానంలో ఉన్నవాళ్లకి ఏమీ రాదు. నగదుగా ఇస్తే 2,000 దాటిన విరాళానికి అసలు వర్తించదు. మీరు దాతల వివరాలు ఏటా ఆదాయపు పన్ను శాఖకి ఆన్‌లైన్‌లో దాఖలు చేయాలి, లేకపోతే వాళ్ల దగ్గర మీ రసీదు ఉన్నా లాభం లేదు.

సొసైటీయే లేకపోతే? రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కలిసి నమోదు చేసుకోవచ్చు. అది అయ్యాక పాన్, బ్యాంకు ఖాతా, ఆ తర్వాత 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే నమోదు), 80జి, ప్రభుత్వ గ్రాంట్లు అడగాలనుకుంటే నీతి ఆయోగ్ వాళ్ల ఎన్జీవో దర్పణ్ ఐడీ. ఇవన్నీ చేతికి రావడానికి నెలలు పడుతుంది, కాబట్టి ప్రోగ్రాం ఈ ఏడాదే మొదలుపెట్టాలనుకుంటే కాగితాలన్నీ సరిగ్గా ఉన్న సంస్థ ఒకదాన్ని జిల్లాలో వెతికి, వాళ్ల పేరు మీద నడిపి, మీవైపు పనులు నెరవేర్చండి. ఎవరి బాధ్యత ఏమిటో ఒక పేజీ ఒప్పందం మాత్రం రాసుకోండి, స్నేహితులే కదా అని వదిలేయకండి.

కంపెనీల సీఎస్ఆర్

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఏ పనులకో ఏడో షెడ్యూల్‌లో ఉంది. అందులో "విద్య", దాని పక్కనే "ఉపాధిని పెంచే వృత్తి నైపుణ్యాలు", "జీవనోపాధిని మెరుగుపరిచే ప్రాజెక్టులు" అనే మాటలు ఉన్నాయి. మీ ప్రోగ్రాం కూర్చోవాల్సింది ఆ మాటల కిందే. ప్రపోజల్ మొదటి పేరాలోనే ఆ షెడ్యూల్‌లో రెండో అంశం కింద అడుగుతున్నామని రాస్తే, అవతల కుర్చీలో ఉన్న మనిషి తన పైవాళ్లకి చెప్పుకోవడం తేలికవుతుంది.

ఎవరిని అడగాలి అనేదానికి పెద్ద పేర్ల వెంట పడకండి. చట్టమే కంపెనీ చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇమ్మంటుంది. పెనుకొండ వైపు ఉంటే కియా, తిరుపతి, చిత్తూరు వైపు ఉంటే అమరరాజా, శ్రీసిటీలోని ఫ్యాక్టరీలు, విశాఖలో హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, రామగుండంలో ఎన్టీపీసీ, కొత్తగూడెం చుట్టూ సింగరేణి, రాజాం వైపు జీఎంఆర్ వరలక్ష్మి ఫౌండేషన్. మీ జిల్లాలో పెద్దగా పేరు వినని ఫార్మా యూనిట్, సిమెంట్ ఫ్యాక్టరీ కూడా ఈ గీత దాటి ఉండొచ్చు, వాటిని అడిగేవాళ్లు తక్కువ కాబట్టి మీకు అక్కడే అవకాశం ఎక్కువ. ఒకటి చూసుకోవాలి, గత మూడేళ్ల సగటు నష్టంలో ఉంటే ఎంత పెద్ద కంపెనీకైనా ఆ ఏడాది ఖర్చు పెట్టాల్సిన బాధ్యతే ఉండదు. ఫ్యాక్టరీ పెద్దదే కదా అని తిరిగి తిరిగి చెప్పులరిగినవాళ్లు ఉన్నారు.

ఇక్కడ ఒక పని చాలామంది చేయరు. ఈ చట్టం కిందికి వచ్చే ప్రతి కంపెనీ వార్షిక నివేదికలో సీఎస్ఆర్ అనుబంధం ఉంటుంది, కంపెనీ వెబ్‌సైట్లో దొరుకుతుంది. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ నడిపే సీఎస్ఆర్ పోర్టల్లో కూడా కంపెనీవారీగా, రాష్ట్రంవారీగా వివరాలు ఉంటాయి. ఆ రెండూ తీసి చదవండి: ఏ జిల్లాలో, ఏ పనికి, ఎంత, ఏ సంస్థ ద్వారా. బళ్లకు బెంచీలే ఇచ్చే కంపెనీ మనసు మార్చి ట్రైనింగ్ ఇప్పించాలని చూడటం కంటే, ఇప్పటికే కుట్టుమిషన్ శిక్షణకో కంప్యూటర్ కోర్సుకో ఇస్తున్న కంపెనీని పట్టుకోవడం మంచిది. వాళ్లు మామూలుగా ఇచ్చే మొత్తం ఎంతో కూడా తెలిసిపోతుంది. మూడు లక్షలు ఇచ్చేవాళ్లని ముప్ఫై లక్షలు అడిగితే నవ్వి ఊరుకుంటారు, కోట్లలో చేసేవాళ్లకి మూడు లక్షల ప్రాజెక్టు చూసుకునే ఓపిక ఉండదు.

మీ సంస్థ తరఫున తీసుకోవాలంటే కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 అనే నమోదు ఉండాలి, 2021 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి. బయటి సంస్థ అయితే 12ఏ, 80జితో పాటు ఇలాంటి పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవం చూపించాలి. అది లేదని దిగులుపడక్కర్లేదు, చట్టం ప్రకారం కంపెనీ తనే నేరుగా పని చేయించవచ్చు. అంటే ట్రైనర్‌కి, బస్సుకి, ప్రింటింగ్‌కి వాళ్లే బిల్లులు కట్టేస్తారు, మీ కాలేజీ గదులు ఇస్తుంది, మీరు నడిపిస్తారు. చిన్న మొత్తాలకి ఈ దారే సులువు, మీ మీద లెక్కల బరువూ తక్కువ.

సమయం విషయానికొస్తే, కంపెనీల బోర్డులు ఏడాది ప్రణాళికని ఆర్థిక సంవత్సరం మొదట్లో ఆమోదిస్తాయి కాబట్టి జనవరి, ఫిబ్రవరికల్లా మీ కాగితం వాళ్ల టేబుల్ మీద ఉండాలి. జూన్‌లో కాలేజీ తెరిచాక అడగడం మొదలుపెడితే "వచ్చే ఏడు చూద్దాం" అనే జవాబే వస్తుంది. దీనికి ఒక మినహాయింపు ఉంది. ఫిబ్రవరి చివర, మార్చిలో కొన్ని కంపెనీల దగ్గర ఖర్చు కాని మొత్తం మిగిలిపోతుంది, కొనసాగే ప్రాజెక్టుకి సంబంధించినది కాకపోతే ఆర్నెల్లలో ప్రభుత్వ నిధుల్లో ఏదో ఒకదానికి జమ చేయాల్సి వస్తుంది, అది వాళ్లకి ఇష్టం ఉండదు. అప్పుడు బడ్జెట్‌తో, కొటేషన్లతో సిద్ధంగా ఉన్నవాళ్లకి ఫోన్ వస్తుంది.

ప్రభుత్వం వైపు

ఇక్కడ చాలావరకు డబ్బు చేతికి రాదు, శిక్షణే వస్తుంది, అదీ మంచిదే. ఆర్‌సెటీలు, అంటే బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు, చాలా జిల్లాల్లో ఉన్నాయి. 18 ఏళ్లు దాటిన గ్రామీణ యువతకి భోజనం, వసతితో సహా ఉచితంగా నేర్పుతారు, తర్వాత బ్యాంకు లోను వైపు కూడా నడిపిస్తారు. మీ బ్యాచ్‌లో నిజంగా వ్యాపారం పెట్టాలని పట్టుబట్టే నలుగురైదుగురిని అక్కడికి పంపండి. హైదరాబాద్ యూసఫ్‌గూడలో ఉన్న నిమ్స్‌మే, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల జాతీయ సంస్థ, ఔత్సాహిక పారిశ్రామికవేత్తల శిక్షణకి 1960ల నుంచీ పేరున్న చోటు. లెక్చరర్లు తమకి శిక్షణ కావాలనుకుంటే అక్కడ అడగవచ్చు.

హైస్కూల్ పిల్లల కోసం అయితే అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంది, 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ఎంపికైన బడికి 20 లక్షల వరకు గ్రాంటు. దరఖాస్తులు పిలిచినప్పుడే పెట్టాలి, ఆరు నుంచి పన్నెండు తరగతులకే. మీ మండలంలో ఇప్పటికే ఆ ల్యాబ్ ఉన్న బడి ఉంటే హెచ్‌ఎం గారితో మాట్లాడుకోండి, కొన్నిచోట్ల పరికరాలు అట్టపెట్టెల్లోంచి బయటికే వచ్చి ఉండకపోవచ్చు. కాలేజీలో ఎన్ఎస్ఎస్ యూనిట్ ఉంటే ఏడు రోజుల ప్రత్యేక శిబిరానికి వచ్చే డబ్బుతో ఊళ్లో మార్కెట్ సర్వే చేయించవచ్చు, ప్రోగ్రాం ఆఫీసర్ ఒప్పుకుంటే చాలు.

నాబార్డ్‌ని అడుగుదాం అంటారు. వాళ్ల సూక్ష్మ వ్యాపార శిక్షణలు ప్రధానంగా స్వయం సహాయక సంఘాల సభ్యులకి, కాలేజీ పిల్లలకి కాదు. డ్వాక్రా సంఘాల్లో ఉన్న యువతుల కోసం మీరు ఏదైనా చేస్తుంటే అప్పుడు జిల్లాలో ఉండే నాబార్డ్ అధికారిని (డీడీఎం) కలవండి. గనులున్న జిల్లాల్లో జిల్లా ఖనిజ నిధి ఉంటుంది, గనుల ప్రభావం ఉన్న ప్రాంతాలకి ఖర్చు పెట్టే ఆ డబ్బులో నైపుణ్య శిక్షణ ప్రాధాన్య అంశాల్లో ఒకటి, దారి కలెక్టరేట్ నుంచే. ఎంపీ గారికి ఏటా 5 కోట్లు ఉంటాయి కానీ అవి శాశ్వతంగా నిలిచే ఆస్తులకి, కాబట్టి ట్రైనర్ జీతం అడగొద్దు, గది గానీ కంప్యూటర్లు గానీ అడగండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్ల డబ్బు

ఈ భాగం జాగ్రత్తగా చదవండి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పూర్వ విద్యార్థి ఇంకా భారతీయ పాస్‌పోర్టుతోనే ఉంటే, తన సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపిన విరాళం విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు కాపీ తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో (భారత మూలాలున్న విదేశీ పౌరులకి ఇచ్చేది) ఉంటే, ఆ డబ్బు విదేశీ విరాళమే. కాలేజీలో మీ పక్క బెంచీలో కూర్చున్నాడా, మీ మేనమామ కొడుకా అన్నది చట్టానికి అనవసరం. అక్కడ రిజిస్టరైన తెలుగు సంఘాల డబ్బూ అంతే. అలాంటిది తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి, ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో దానికోసం ప్రత్యేక ఖాతా ఉండాలి.

"ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న పెద్ద సంస్థ తీసుకుని మనకి బదిలీ చేస్తుందిలే" అనే ఆలోచన 2020 సవరణతో ముగిసిపోయింది, ఒక సంస్థ తీసుకున్న విదేశీ విరాళం ఇంకో సంస్థకి ఇవ్వకూడదు. ఆ సంస్థే మీ కాలేజీలో స్వయంగా ప్రోగ్రాం నడిపితే పర్వాలేదు. ఇక్కడి బంధువు ఖాతాకి పంపించి అటునుంచి తిప్పడం కూడా వద్దు, ఒక్క మంచి సీఏని అడగండి, ఎందుకు వద్దో ఐదు నిమిషాల్లో చెబుతారు. విదేశీ పౌరులైన మీ సీనియర్ల నుంచి డబ్బు బదులు సమయం తీసుకోండి, ఆదివారం పొద్దున గంటసేపు వీడియో కాల్లో ఒక జట్టు లెక్కలు చూసి నాలుగు ప్రశ్నలు వేస్తే పిల్లలకి డబ్బుకంటే అదే ఎక్కువ ఉపయోగం.

ప్రపోజల్ రాయడం

రెండు పేజీలు, అంతే. తేలిక ఇంగ్లీషులో ఒకటి, ప్రిన్సిపాల్‌కీ స్థానిక పెద్దలకీ చూపించడానికి తెలుగులో ఒకటి. "నేటి యువత రేపటి భవిత" లాంటి వాక్యాలు మొదటి పేరాలో కనిపిస్తే చదివేవాళ్ల కళ్లు నేరుగా బడ్జెట్ మీదికి పోతాయి. దానికి బదులు మీ కాలేజీ గురించి రాయండి, ఎంతమంది పిల్లలు, ఎక్కువమంది ఇళ్లల్లో ఏం చేస్తారు, డిగ్రీ అయ్యాక ఏమవుతున్నారు. తర్వాత వారంవారం ఏం జరుగుతుందో, ఆ తర్వాత ఏం కొలుస్తారో.

కొలతల దగ్గరే ప్రపోజల్ నిలబడేది, పడిపోయేది. నలభై మందిలో నలభై మంది పారిశ్రామికవేత్తలవుతారని రాస్తే ఎవరూ నమ్మరు. పది జట్లలో ఎన్ని నిజంగా ఒక్క రూపాయైనా అమ్మకం చేశాయి, ఎన్ని జట్లు పెట్టుబడి తిరిగి రాబట్టాయి, ప్రోగ్రాం అయిపోయిన మూడు నెలలకి ఇంకా నడుస్తున్నవి ఎన్ని, ఎంతమంది పిల్లలు సొంతంగా నెల లెక్క రాయగలుగుతున్నారు. ఇవి లెక్కపెట్టగలిగేవి, నిజాయితీగా చెప్పగలిగేవి. నష్టపోయిన జట్లు ఉంటాయని ముందే రాసేయండి, వాళ్లు ఏం నేర్చుకున్నారో రాయిస్తామని కూడా.

పంపాక ఊరుకోవద్దు. హెడ్డాఫీసు ఈమెయిల్‌కి పంపిన కాగితం అక్కడే ఉండిపోతుంది. ఫ్యాక్టరీలో హెచ్ఆర్ చూసే మనిషినో, సీఎస్ఆర్ చూసే ఆఫీసర్నో కలిసి, పిల్లలతో ఒక గంట గడపడానికి కాలేజీకి పిలవండి. శాలువా లేకుండా.

డబ్బు వచ్చాక

ఈ ప్రోగ్రాంకి వేరే బ్యాంకు ఖాతా, కుదరకపోతే కనీసం వేరే లెడ్జర్ పెట్టండి. నగదు వాడకం వీలైనంత తగ్గించి యూపీఐలోనో చెక్కులోనో ఇవ్వండి. జట్టు పెట్టుబడి రెండు విడతల్లో ఇవ్వండి, మొదటి సగానికి బిల్లులు చూపిస్తేనే రెండో సగం. సంతలో రైతు దగ్గర కొన్నప్పుడు బిల్లు రాదు కదా, దానికి ఓచర్ మీద అమ్మినవాళ్ల సంతకం, ఫోన్ నంబరు తీసుకోవడం మొదటివారమే నేర్పించేయండి. పద్దెనిమిది నిండని పిల్లలున్న జట్టయితే డబ్బు గైడ్ టీచర్ దగ్గర ఉండాలి, తల్లిదండ్రుల అంగీకారం రాతపూర్వకంగా ఉండాలి, ఫోటోలు వాడుకోవడానికి కూడా.

పెట్టుబడి తిరిగి ఇవ్వాలా వద్దా అనేది మొదటిరోజే తేల్చి చెప్పండి. నా ఓటు అసలు తిరిగి ఇచ్చి, లాభం జట్టే ఉంచుకోవడానికి, అలా వెనక్కొచ్చింది వచ్చే బ్యాచ్‌కి వెళ్తుంది, దాతకి కూడా అది నచ్చుతుంది. కానీ నష్టపోయిన జట్టు చేత జేబులోంచి కట్టించకండి, మరుసటి ఏడాది ఎవరూ చేరరు. దాత కంపెనీ అయితే ఈ తిరిగొచ్చే డబ్బు సంగతి ఒప్పందంలో రాయించండి, తర్వాత వాళ్ల ఆడిటర్ అడుగుతారు.

మూడు నెలలకొకసారి ఒక పేజీ నివేదిక, చివర్లో డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ సీఏ సంతకంతో, మిగిలిన డబ్బు ఎంతో స్పష్టంగా. ఒక పద్దులో మిగిలింది ఇంకో పద్దుకి వాడాలంటే ముందు ఈమెయిల్లో అడిగి జవాబు వచ్చాకే వాడండి. అక్టోబర్-డిసెంబర్ నివేదికని జనవరిలోనే పంపితే, దానితోపాటే వచ్చే ఏడాది బడ్జెట్ జత చేసి పంపవచ్చు. ఈసారి కోఆర్డినేటర్ జీతం కొంచెం పెంచి అడగండి.